రుషికొండ నుంచి లాసన్స్ బే దాకా కయాక్‌లో: గుంపుగా ఒక రోజు ట్రిప్ ఎలా వేసుకోవాలంటే

వైజాగ్‌లో బీచ్ రోడ్డు మీద రోజూ వాకింగ్ చేసేవాళ్ళు వేలమంది ఉంటారు కానీ సముద్రంలోంచి ఊరి వైపు చూసినవాళ్ళు ఎంతమంది అంటే, జాలరి వాళ్ళు, నేవీ వాళ్ళు, హార్బర్‌లో పనిచేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ పెద్దగా ఉండరు. ఒడ్డుకి ఓ నాలుగొందల మీటర్లు లోపలికి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే కైలాసగిరి కొండ నేరుగా నీళ్ళలోకి దిగిపోయినట్టు ఉంటుంది, పైన శివపార్వతుల విగ్రహాలు తెల్లగా కనిపిస్తాయి, రోడ్డు మీద బస్సులు తిరుగుతుంటాయి కానీ చప్పుడు మాత్రం వినపడదు. అది చూడాలనే మేము ఫ్రెండ్స్ అందరం కలిసి కయాకింగ్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో తిరగడం, మొదలెట్టాం. ఇప్పుడు శీతాకాలం ఆఖర్లో వీలున్న ఆదివారాలు వెళ్తూనే ఉంటాం. చాలామంది ఎలా ప్లాన్ చేస్తారు, ఏమేం కావాలి అని అడుగుతుంటారు కాబట్టి తెలిసినంత వరకు ఒకేచోట రాస్తున్నా.

ముందే ఒక మాట. ఇది రుషికొండలో అరగంట కయాక్ అద్దెకి తీసుకుని ఒడ్డు పక్కనే తిరిగే వ్యవహారం కాదు. ఉత్తరాన ఉన్న రుషికొండ బీచ్ నుంచి దక్షిణాన ఉన్న లాసన్స్ బే దాకా తీరం వెంట దాదాపు 7 కిలోమీటర్లు, వెనక్కి రావడంతో కలిపి 14. కొత్తవాళ్ళు ఉన్న గుంపు గంటకి 4 కిలోమీటర్లు వెళ్తే బాగా వెళ్ళినట్టే, అంటే నీళ్ళ మీద మూడున్నర నాలుగు గంటలు. అందుకని గుంపులో ప్రతి ఒక్కళ్ళకీ ఈత రావాలి, ప్రతి ఒక్కళ్ళూ ముందే ఒకట్రెండు సార్లు సముద్రంలో పడవ బోల్తా కొట్టించుకుని మళ్ళీ ఎక్కి ఉండాలి. స్విమ్మింగ్ పూల్‌లో కాదు, చెరువులో కాదు, సముద్రంలోనే. అది చెయ్యనివాళ్ళని నేను ఎంత దగ్గరివాళ్ళయినా ట్రిప్‌కి తీసుకెళ్ళను, మా సొంత బావమరిదిని కూడా ఒక సీజన్ అంతా ఆపాను.

ఎప్పుడు వెళ్ళాలి

మన తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు, పెద్ద కెరటాలు, అప్పుడు అసలు ఆలోచనే వద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరికి ఏం చేసిందో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. తుపాను ఎక్కడో అండమాన్ పక్కన ఉన్నా సరే దాని పొడుగు అలలు ముందే మన ఒడ్డుకి వచ్చేస్తాయి, పైన ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉంటుంది, కింద మాత్రం కెరటం మనిషెత్తు లేస్తుంది. డిసెంబరు ఆఖరు నుంచి మార్చి మధ్య దాకా మాకు బాగా నప్పిన రోజులు. అందులో కూడా ఫిబ్రవరి అంటే నాకు ఇష్టం, ఎందుకో కింద చెప్తా.

తిథి చూసుకోండి, నిజంగానే. అమావాస్యకి, పౌర్ణమికి పోటు పాటుల (నీళ్ళు ఎక్కడం, తగ్గడం) తేడా ఎక్కువ, మన దగ్గర అది మీటరున్నర దాకా వెళ్తుంది, పోటు మీద ఉన్నప్పుడు కొన్నిచోట్ల ఇసక మొత్తం మునిగిపోయి కెరటం నేరుగా ఒడ్డు గట్టు మీద పడుతుంది, దిగడానికి చోటు ఉండదు. సప్తమి, అష్టమి దగ్గర్లో తేడా తక్కువగా ఉంటుంది, గుంపులో కొత్తవాళ్ళు ఉంటే ఆ రోజులు చూసుకుంటే సుఖం. ఇంట్లో గోడకి వేలాడే క్యాలెండర్ చాలు దీనికి, కచ్చితమైన టైములకి మాత్రం టైడ్ టేబుల్, అంటే పోటు పాటుల టైముల పట్టిక చూడాలి.

అలలు, గాలి సంగతికి వస్తే హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని ఉంది కదా, సునామీ హెచ్చరికలు ఇచ్చే సంస్థ, వాళ్ళే సముద్రం స్థితి మీద రోజూ అంచనాలు ఇస్తారు, వెబ్‌సైట్‌లో ఉంటాయి. అందులో అల ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి. అలకి అలకి మధ్య ఎన్ని సెకన్లు అనేది కూడా చూడాలి. మీటరు అల 6 సెకన్లకి ఒకటి వస్తే పడవ గలగలా ఊగుతుంది అంతే, అదే మీటరు అల 14 సెకన్లకి ఒకటి వస్తే అది ఎక్కడో దూరం నుంచి బలం మోసుకొస్తున్నట్టు లెక్క, ఒడ్డుకి వచ్చేసరికి రెండింతలు లేచి విరుగుతుంది. మా గుంపుకి మేము పెట్టుకున్న హద్దు ఏమిటంటే అల మీటరు లోపు, గాలి గంటకి 18 కిలోమీటర్ల లోపు. దాటితే ఆ రోజు టిఫిన్ చేసి ఇంటికి పోవడమే. ముందురోజు రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూస్తాం, అప్పుడు కూడా ఒడ్డున నిలబడి కళ్ళతో చూసిందే ఫైనల్.

గాలి లెక్క, దీన్ని బట్టే రూటు

ట్రిప్ మొత్తం ఈ ఒక్క విషయం మీద నడుస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా. ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్నే మన దగ్గర గాలి చాలా తక్కువ, ఉన్నా నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి తిరుగుతుంది, పదిన్నర పదకొండు నుంచి దక్షిణం, నైరుతి వైపు నుంచి తీరం వెంబడి పైకి, అంటే ఉత్తరంగా భీమిలి వైపు తోస్తుంది, ఆ నెలల్లో ఒడ్డు పక్క నీటి పారుదల కూడా ఎక్కువగా ఉత్తరం వైపే ఉంటుంది. అందుకే రుషికొండలో బయల్దేరి పొద్దున్న గాలి లేనప్పుడు దక్షిణంగా లాసన్స్ బే వైపు వెళ్ళిపోతే, తిరిగి వచ్చేటప్పుడు చేతులు అలిసిపోయిన టైముకి గాలి, నీళ్ళు రెండూ వీపు వెనక నుంచి తోస్తాయి. ఇదే ట్రిప్ తిరగేసి లాసన్స్ బేలో మొదలెట్టి రుషికొండ వెళ్ళి వస్తే, వెళ్ళడం హాయిగా ఉంటుంది, రావడం నరకం. డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలి ఉన్న రోజుల్లో లెక్క తలకిందులవుతుంది, అప్పుడు దక్షిణం నుంచే మొదలెట్టుకోవాలి.

పొద్దున్న నేల మీంచి వీచే గాలి గురించి ఇంకో మాట. అది ఉన్నప్పుడు ఒడ్డు పక్క నీళ్ళు అద్దంలా ఉంటాయి, కొత్తవాళ్ళు అది చూసి అబ్బ ఎంత బాగుందో అని లోపలికి వెళ్ళిపోతారు, వెళ్ళేకొద్దీ గాలి పెరుగుతూ ఉంటుంది, వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది. చెట్ల ఆకులు, జెండాలు సముద్రం వైపు గట్టిగా ఎగురుతుంటే, నీళ్ళు ఎంత నున్నగా ఉన్నా దిగకండి.

గుంపులో ఎవరి పని ఏమిటి

ఆరు నుంచి ఎనిమిది మంది మించి వద్దు. అందులో కనీసం ఇద్దరు బాగా అనుభవం ఉన్నవాళ్ళు, ఒకళ్ళు ముందు, ఒకళ్ళు చివర. ముందు మనిషిని ఎవరూ దాటకూడదు, చివరి మనిషి కంటే ఎవరూ వెనకపడకూడదు. స్పీడు ఎవరిది అంటే అందరికంటే నెమ్మదిగా తెడ్డు వేసేవాళ్ళది, వాళ్ళని ముందు మనిషి పక్కనే పెట్టుకుంటే వేరే చెప్పకుండానే గుంపు వాళ్ళ స్పీడుకి సర్దుకుంటుంది. ఇది నేను ఒక ఫిబ్రవరి ఉదయం తెన్నేటి పార్కు దగ్గర నేర్చుకున్నాను. ఎనిమిది మందిమి ఉన్నాం, ఇద్దరు కుర్రాళ్ళు ఉత్సాహంగా రెండొందల మీటర్లు ముందుకు వెళ్ళిపోయారు, నేను మధ్యలో ఉన్నాను, వెనక ఒకావిడ బోల్తా పడింది. ఆవిడ విజిల్ ఊదుతూనే ఉంది. రాళ్ళ మీద కెరటాల మోత వల్ల నాకు వినపడలేదు, నేను వెనక్కి తిరిగి చూసింది కూడా తలలు లెక్కపెడదామని కాదు, నీళ్ళ బాటిల్ తీసుకుందామని. నాది కాక ఏడు పడవలు కనిపించాలి, ఆరే కనిపించాయి. అప్పటికే జోడుగుళ్ళపాలెం వైపు నుంచి ఫైబర్ పడవలో వస్తున్న పెద్దాయన ఆవిడ దగ్గర ఇంజిన్ ఆపి నిలబడి ఉన్నాడు. మేము వెళ్ళేసరికి ఆయన అన్న మాట, "కలిసెల్లండి బాబూ, సంద్రంలో కనబడనోడు లేనట్టే లెక్క." ఆవిడకి ఏమీ కాలేదు, భయపడింది అంతే, కానీ ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి మా పద్ధతి అంకెలు చెప్పుకోవడం. ఒడ్డునే ప్రతి ఒక్కళ్ళకీ ఒక అంకె ఇస్తాం, పది నిమిషాలకి ఒకసారి ముందు మనిషి "ఒకటి" అని అరుస్తాడు, వెంటనే రెండు, మూడు, నాలుగు అని వరసగా వినపడాలి. వినపడకపోతే అందరూ ఆగిపోవాలి. అరుపు వినపడనంత దూరం జరిగితే అప్పటికే దూరం ఎక్కువైనట్టు, కాబట్టి ఈ లెక్క దానంతట అదే గుంపుని దగ్గరగా ఉంచుతుంది. తెడ్డు సైగలు కూడా ముందే మాట్లాడుకోండి: తెడ్డు నిలువుగా ఎత్తితే నా వైపు రండి అని, అడ్డంగా తల మీద పట్టుకుంటే ఆగండి అని, అటూ ఇటూ ఊపితే సాయం కావాలి అని. విజిల్ మూడుసార్లు అంటే ప్రమాదం. ఇవి ఊరికే వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరూ గుర్తు పెట్టుకోరు, ఒడ్డున నిలబెట్టి చేయించాలి.

ఊరి పక్కన కయాకింగ్‌లో ఉన్న పెద్ద సౌకర్యం ఒకటుంది, అదే బీచ్ రోడ్డు. మనం వెళ్ళే దారి పొడుగునా పక్కనే రోడ్డు ఉంటుంది. ఒక మనిషిని బండి మీద పెట్టండి, ఫోన్, ఉంటే బైనాక్యులర్స్, ఫస్ట్ ఎయిడ్ బాక్స్, ఆరిన బట్టలు, నీళ్ళ క్యాన్ ఆ మనిషి దగ్గర ఉండాలి. మేము ఆ మనిషిని రోడ్డు మనిషి అంటాం. సాగర్ నగర్ దగ్గర ఒకసారి, జోడుగుళ్ళపాలెం దగ్గర ఒకసారి, తెన్నేటి పార్కు పైన నిలబడి ఒకసారి మా తలలు లెక్కపెట్టుకుంటాడు. మధ్యలో ఎవరికైనా కడుపులో తిప్పినా, భుజం పట్టేసినా దగ్గర్లో దిగిపోయి బండెక్కి పోవచ్చు, ట్రిప్ మొత్తం ఆపక్కర్లేదు. ఈ పనికి ఎవరూ ముందుకు రారు, అందరికీ పడవే కావాలి, అందుకని వంతులు వేసుకోండి, వంతు వచ్చినవాళ్ళకి ఆ రోజు టిఫిన్ ఖర్చు మిగతావాళ్ళది.

సామాను

రుషికొండలో అద్దెకి దొరికేవి ఎక్కువగా పైన కూర్చునే రకం కయాక్‌లు, పది పన్నెండు అడుగుల పొడుగు ఉంటాయి. సముద్రంలో దూరం వెళ్ళడానికి అసలు తయారు చేసినవి లోపల కాళ్ళు పెట్టుకుని కూర్చునేవి, పద్నాలుగు నుంచి పదిహేడు అడుగులు, నిటారుగా వెళ్తాయి, స్పీడు కూడా ఎక్కువ. కానీ బోల్తా పడితే లోపల నీళ్ళు నిండుతాయి, వాటిని ఖాళీ చెయ్యడం తెలిసి ఉండాలి. మన ఎండకి, మన వెచ్చటి నీళ్ళకి, కొత్తవాళ్ళకి పైన కూర్చునేదే మంచిదని నా అభిప్రాయం, పడితే మళ్ళీ ఎక్కడం తేలిక. రెండు రకాలూ కలిపి ఒక గుంపులో పెడితే మాత్రం స్పీడు తేడా వస్తుంది, గుర్తుంచుకోండి.

అద్దె పడవ తీసుకునేటప్పుడు వెనక ఉండే బిరడా చూసుకోండి, అది లేకపోయినా వదులుగా ఉన్నా నీళ్ళు లోపలికి కొంచెం కొంచెం దిగి, గంట తర్వాత పడవ బరువెక్కి ఎందుకు ఇలా ఊగుతోందో అర్థం కాదు. పడవని ఎత్తి ఒకసారి ఊపి చూడండి, లోపల గలగల వినిపిస్తే వంచి పారబోసి బిరడా బిగించాకే తీసుకోండి, లేదా ఇంకోటి అడగండి. లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి, గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది మీ సైజు కాదు. అద్దెకి ఇచ్చే చాలా జాకెట్లకి బకిల్ ఒకటి విరిగి ఉంటుంది, మొహమాటం లేకుండా మార్పించుకోండి.

ఇంక చిన్నవి: మనిషికి ఒక విజిల్ జాకెట్‌కి కట్టి ఉండాలి, మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఫుల్ హ్యాండ్స్ బనీను, తాడు ఉన్న టోపీ, తాడు ఉన్న కళ్ళజోడు. ముందు మనిషి, చివరి మనిషి దగ్గర పదిహేను మీటర్ల లాగుడు తాడు, గుంపుకి ఒక అదనపు తెడ్డు. ఫోన్ వాటర్‌ప్రూఫ్ కవర్‌లో పెట్టి ఒంటికే కట్టుకోవాలి, పడవలో పెట్టొద్దు, పడవా మీరూ వేరైపోతే ఫోన్ పడవతో పోతుంది. అందులో మూడు నంబర్లు సేవ్ చేసుకోండి: కోస్ట్ గార్డ్ 1554, కోస్టల్ పోలీస్ 1093, మామూలు ఎమర్జెన్సీ 112. ఊరి పక్కనే కాబట్టి మేము వెళ్ళే దూరంలో సిగ్నల్ బాగానే ఉంటుంది.

తిండి సంగతి: నూనె తిండి వద్దు, సముద్రం ఊపుకి పైకి వచ్చేస్తుంది. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీ. పడవలో అరటిపళ్ళు, ఖర్జూరం, పల్లీ ఉండలు. లాసన్స్ బేలో దిగాక రోడ్డు మనిషి తెచ్చిన పులిహోర, పల్చటి మజ్జిగ. ఆ మజ్జిగ రుచి గురించి నేను రాయలేను, తాగి చూడాల్సిందే.

దిగడం, అంటే కెరటాలు దాటడం

ఫిబ్రవరిలో సూర్యుడు ఆరున్నర దగ్గర్లో వస్తాడు, మేము ఐదున్నరకి రుషికొండలో ఉంటాం. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ అని, శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకి ఇచ్చే గుర్తింపు వచ్చింది, స్నానాలు చేసే చోటు వేరేగా ఉంటుంది, అందులోంచి పడవ దింపకండి. లైఫ్ గార్డులకి ఎంతమందిమి వెళ్తున్నాం, ఎటు వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం అనేది చెప్పండి. మొదటిసారి అయితే ముందురోజే వెళ్ళి అక్కడి అడ్వెంచర్ బోటింగ్ వాళ్ళనీ, పోలీసు వాళ్ళనీ అడిగి ఆ వారం ఏమైనా ఆంక్షలు ఉన్నాయేమో కనుక్కోండి. ఇది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, నేవీ విన్యాసాలు, వాటి రిహార్సల్స్ ఉన్న రోజుల్లో ఆర్కే బీచ్ వైపు అసలు వెళ్ళకూడదు.

పది నిమిషాలు ఊరికే నిలబడి కెరటాలు చూడండి. అవి గుంపులు గుంపులుగా వస్తాయి, నాలుగైదు పెద్దవి, తర్వాత కాసేపు చిన్నవి. ఆ చిన్న వాటి సందులో వెళ్ళాలి. పడవ ముక్కు కెరటానికి సూటిగా ఉండాలి, మోకాలి లోతులో కూర్చుని ఇంక ఆపకుండా తెడ్డు వెయ్యాలి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే ఎదురుగా కెరటం లేవగానే తెడ్డు పైకెత్తి ఆగిపోతారు, అప్పుడే అది వెనక్కి తోసి అడ్డం తిప్పేస్తుంది. ముందుకి వంగి, కెరటం శిఖరం మీద కూడా తెడ్డు నీళ్ళలో ఉండేలా లాగాలి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, పక్కపక్కన ఇద్దరు వద్దు. దాటాక విరిగే గీతకి బాగా అవతల ఆగి అందరూ వచ్చేదాకా ఉండండి, అంకెలు చెప్పుకోండి.

దారిలో

కెరటాలు విరిగే చోటుకి బయట, ఒడ్డుకి మూడొందల నుంచి ఐదొందల మీటర్ల దూరంలో వెళ్తే హాయి. ఎండ ఎడం వైపు, ఊరు కుడి వైపు. సాగర్ నగర్ దాకా పొడుగైన ఇసక తీరం, అక్కడ పెద్దగా చెప్పడానికేం లేదు, చేతులు వేడెక్కించుకోవడానికి మంచిది.

జోడుగుళ్ళపాలెం దగ్గరికి వచ్చేసరికి వలలు మొదలవుతాయి. ఇక్కడ కళ్ళు బాగా తెరుచుకుని ఉండాలి. నీళ్ళ మీద వరసగా థర్మోకోల్ ముక్కలో, ప్లాస్టిక్ డబ్బాలో, కర్రకి కట్టిన చిన్న నల్ల జెండానో కనిపిస్తే ఆ రెండు గుర్తుల మధ్య కింద వల ఉందని అర్థం. పైనుంచి దాటొద్దు, చివర దాకా వెళ్ళి చుట్టూ తిరిగి వెళ్ళండి, రెండొందల మీటర్లు ఎక్కువైనా సరే. తెడ్డు తగిలి తాడు తెగితే ఆ కుటుంబానికి ఆ రోజు కూలి పోయినట్టే. ఒడ్డు నుంచి లాగే అలివి వల వేసి ఉంటే ఇంకా బయటికి వెళ్ళండి, ఇసక మీద పాతిక ముప్ఫై మంది రెండు వరసలుగా తాడు లాగుతూ కనిపిస్తారు, ఆ రెండు వరసల మధ్య సముద్రం అంతా వాళ్ళదే. పడవలు పక్కనుంచి పోతుంటే చెయ్యెత్తి పలకరించండి, ఇవాళ లోపల గాలి ఎలా ఉందో అడగండి. ఏ యాప్ కంటే వాళ్ళ మాట ముందు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు ఆ పడవలు తిరగవు, అంటే మనకి ఏదైనా అయితే చూసేవాళ్ళు కూడా ఉండరు. ఎండలు, గాలి సరే, మేము ఆ రోజుల్లో వెళ్ళకపోవడానికి ఇది కూడా ఒక కారణం.

జనవరి నుంచి మార్చి మధ్య నీళ్ళ మీద గుండ్రటి తల ఒకటి లేచి, ఊపిరి పీల్చి మునిగిపోతే అది ఆలివ్ రిడ్లే తాబేలు. గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి, అటవీశాఖ వాళ్ళు ఒడ్డున కంచెలు కట్టి గుడ్లు కాపాడుతుంటారు. వెంటపడి ఫొటోల కోసం తెడ్డు వెయ్యకండి, ఆగిపోండి చాలు, ఒక్కోసారి అదే దగ్గరికి వస్తుంది. ఒడ్డున దిగినప్పుడు ఆ కంచెల పక్కనుంచి పడవలు ఈడ్చొద్దు.

తెన్నేటి పార్కు, కైలాసగిరి కింద రాళ్ళ భాగం ఈ దారిలో కష్టమైన చోటు. వచ్చిన అల రాళ్ళకి కొట్టుకుని వెనక్కి వస్తుంది, వచ్చేదీ పోయేదీ కలిసి నీళ్ళు ఎటూ కాకుండా కుతకుతలాడుతుంటాయి. రాళ్ళకి కనీసం నూట యాభై మీటర్లు దూరం పెట్టండి, తెడ్డు ఆపకండి, తెడ్డు నీళ్ళలో ఉన్నంతసేపు అదే మనకి మూడో కాలు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు ఎం.వి. మా అని బంగ్లాదేశ్ కార్గో షిప్ కొట్టుకొచ్చి ఒడ్డెక్కింది ఇక్కడే. అంత పెద్ద ఇనుప ఓడనే గాలి ఒడ్డుకి నెట్టిందంటే పది అడుగుల ప్లాస్టిక్ పడవ ఎంత.

ఎవరైనా బోల్తా పడితే

పడతారు, అందులో తప్పేమీ లేదు. పడిన మనిషి చెయ్యాల్సింది పడవనీ తెడ్డునీ వదలకపోవడం. పైన కూర్చునే రకం అయితే ఇలా. తిరగబడ్డ పడవ పక్కకి వచ్చి, దాని అడుగు మీంచి చెయ్యి చాపి అవతలి అంచు పట్టుకుని, మోకాళ్ళు పడవకి ఆన్చి వెనక్కి వాలితే అది తిరిగిపోతుంది. ఈలోపు దగ్గర్లో ఉన్న ఒక్కళ్ళు మాత్రం వచ్చి తమ పడవని అవతల పక్కకి ఆనించి రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి, మీద వాలిపోయి పట్టుకోవాలి, అప్పుడు రెండూ కలిసి తెప్పలా కదలకుండా ఉంటాయి. నీళ్ళలో ఉన్న మనిషి ఇవతలి అంచు పట్టుకుని, ముందు కాళ్ళు కొట్టి ఒళ్ళంతా నీటి పైకి తేలేలా చేసుకోవాలి, ఇది ముఖ్యం, కాళ్ళు కిందకి వేలాడుతుండగా చేతుల బలంతో ఎక్కాలని చూస్తే ఎవరివల్లా కాదు. తేలాక ఒక్క తోపు తోసి బొడ్డు పడవ మధ్యకి వచ్చేదాకా పాకాలి, ఆగి ఊపిరి తీసుకుని, వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, అప్పుడు కాళ్ళు లోపలికి. ప్రాక్టీసు ఉంటే రెండు నిమిషాలు. మిగతావాళ్ళందరూ మూగకుండా కాస్త దూరంలో ఒకచోట ఉండాలి, పట్టుకున్న ఇద్దరూ గాలికి ఎటు కొట్టుకుపోతున్నారో ఒకళ్ళు చూస్తుండాలి, రాళ్ళ వైపు అయితే తాడు కట్టి బయటికి లాగాలి.

రెండోసారి పడితే ఆ మనిషికి ట్రిప్ అయిపోయినట్టే, దగ్గర్లో మంచి ఇసక చూసి దింపి రోడ్డు మనిషికి అప్పజెప్పండి. వాళ్ళు నేను బాగానే ఉన్నా అంటారు. వినకండి.

జెల్లీ ఫిష్ తగిలితే ఇసకతో రుద్దొద్దు, మంచినీళ్ళు పొయ్యొద్దు, సముద్రం నీళ్ళతోనే కడిగి, అంటుకున్న తీగలు గీకకుండా ట్వీజర్స్‌తో మెల్లగా తీసెయ్యండి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి.

లాసన్స్ బే, వెనక్కి తిరిగే టైము

టైము ముందే రాసిపెట్టుకోండి. మాది 9 గంటలు. 9కి ఎక్కడ ఉంటే అక్కడినుంచి వెనక్కి, లాసన్స్ బే ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఎప్పుడూ ఇంకో అరగంటే కదా అనిపిస్తుంది, కానీ ఆలస్యమయ్యేకొద్దీ వచ్చేటప్పుడు గాలీ, కెరటమూ పెరిగిపోయి ఉంటాయి. గుంపు బాగుంటే ఎనిమిదిన్నరకల్లా లాసన్స్ బేలో దిగిపోతాం, గంటసేపు నీడలో కూర్చుని తిని, పది లోపు మళ్ళీ నీళ్ళ మీద. దిగే చోటు ముందురోజే నడిచి చూసుకోండి, ఊరి గెడ్డలు (మురుగు కాలవలు) సముద్రంలో కలిసే చోట దిగకండి, ఆ నీళ్ళు ఒంటికి తగిలితే రెండ్రోజులు దురద. వానపడ్డ తర్వాత రెండు మూడు రోజులు ఇంకా ఘోరంగా ఉంటుంది.

బాగా అనుభవం ఉన్న గుంపు అయితే ఇంకాస్త ముందుకి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురు దాకా వెళ్ళొచ్చు, రుషికొండ నుంచి తొమ్మిది కిలోమీటర్ల పైమాటే. సముద్రంలోంచి ఆ జలాంతర్గామిని ఒడ్డు మీద చూస్తే భలే ఉంటుంది. కానీ అదే హద్దు. అక్కడినుంచి దక్షిణానికి ఫిషింగ్ హార్బర్, పోర్టు ఛానల్, డాల్ఫిన్స్ నోస్, నేవీ ప్రాంతం, పెద్ద ఓడలు తిరిగే దారి. ఓడ మీదున్నవాళ్ళకి మనం కనిపించం, కనిపించినా అది ఆగలేదు. లోపల లంగరు వేసి నిలబడ్డ ఓడల దగ్గరికి వెళ్దామా అని గుంపులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, వెళ్ళకూడదు.

వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి ఉంటుంది కాబట్టి స్పీడు వస్తుంది, కానీ వెనక అల పడవ తోకని పక్కకి తోసి అడ్డం తిప్పుతుంటుంది, కొత్తవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇప్పుడే. అల వచ్చి ఎత్తినప్పుడు తెడ్డు వెనక భాగంలో నీళ్ళలో ఆనించి చుక్కానిలా పట్టుకోమని చెప్పండి. గుంపుని ఇంకా దగ్గరగా ఉంచండి, అంకెలు ఐదు నిమిషాలకి ఒకసారి.

రుషికొండలో ఒడ్డెక్కడం

పొద్దున్న దిగిన కెరటం వేరు, పదకొండున్నరకి ఎదురయ్యే కెరటం వేరు, గాలి తోడై అది పెరిగి ఉంటుంది, మీరు అలిసిపోయి ఉంటారు, ఒడ్డున ఆదివారం జనం నిండిపోయి ఉంటారు. ముందు మనిషి ఒక్కడే మొదట ఒడ్డెక్కి, జనం లేని చోటు చూసి, తెడ్డు నిలువుగా ఎత్తి ఒక్కొక్కళ్ళని పిలవాలి. పెద్ద కెరటం మీదెక్కి స్వారీ చెయ్యాలని చూడకండి. అది మీ కిందనుంచి వెళ్ళిపోయాక దాని వీపు వెనకే తెడ్డు వేస్తూ వెళ్ళాలి, వెనక ఇంకోటి వస్తుంటే ఆగి వెనక్కి తెడ్డు వేసి దాన్ని పోనివ్వాలి. పడవ అడ్డం తిరిగిపోతే భయపడి ఒడ్డు వైపు వాలతారు అందరూ, వాలితే బోల్తానే. కెరటం వైపుకే ఒరగాలి, తెడ్డు దాని మీద ఆనించాలి. దిగేటప్పుడు కూడా సముద్రం వైపుకే దిగండి, ఒడ్డు వైపు నిలబడితే తర్వాత వచ్చే కెరటం నీళ్ళు నిండిన పడవని మోకాళ్ళ మీదకి విసిరికొడుతుంది, ఆ దెబ్బకి కాలు విరగొచ్చు. దిగగానే ముందు హ్యాండిల్ పట్టుకుని చరచరా పైకి లాగెయ్యండి, వెనక వచ్చేవాళ్ళకి దారి కావాలి.

ఆఖరి మనిషి ఇసక మీద నిలబడ్డాక ఇంకోసారి అంకెలు, ఒకటి నుంచి చివరిదాకా. తర్వాత లైఫ్ గార్డుల దగ్గరికి వెళ్ళి వచ్చేశామని చెప్పండి, ఇంట్లో వాళ్ళకి ఫోన్ చెయ్యండి, పొద్దున్న ఎవరెవరికి వెళ్తున్నామని చెప్పారో అందరికీ, లేకపోతే మధ్యాహ్నం వాళ్ళు కంగారుపడి 1554కి ఫోన్ కొడతారు. పడవలు, జాకెట్లు, తాళ్ళు మంచినీళ్ళతో కడిగి, బిరడా తీసి పడవని ఓ పక్కకి వంచి పెట్టండి, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి ఓ పావుగంట పడుతుంది.